స్వస్థలం అనే గడి

ప్రభుత్వ దరఖాస్తులలో మనం పెద్దగా ఆలోచించకుండా నింపివేసే గడులు కొన్ని ఉంటాయి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, స్వస్థలం. ఇరవై యేళ్ళుగా ఇతరుల దరఖాస్తులను పరిశీలించడమే ఉద్యోగధర్మంగా ఉన్న నాకు, వీటిలో చివరిది ఎంతటి చిక్కు ప్రశ్నయో విశాఖపట్నానికి బదిలీ అయి వచ్చిన తరువాత బోధపడింది. తెలుగువాడినై ఉండి తెలుగునాట ఒక మహానగరంలో కొత్త నివాసిగా అడుగుపెట్టడం ఎట్లా ఉంటుందో, ఆ అనుభవం నావంటి రైల్వే కుటుంబాల చరిత్రతో ఎట్లా ముడివడి ఉన్నదో పాఠకులతో పంచుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను పుట్టి పెరిగిన ఊరు బిలాస్‌పూర్. హిమాచల్ ప్రదేశ్‌లోనూ ఆ పేరుతో ఒక పట్టణం ఉన్నది గనుక, మాది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అని ప్రతిసారీ చెప్పుకోవలసి వస్తుంది. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరు బిలాసా అనే బెస్తవనిత పేరు మీద వెలసిందని స్థానికుల నమ్మకం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు ఉన్నత న్యాయస్థానం ఇక్కడికే వచ్చింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది ప్రధాన స్థానమైంది. సాహిత్యప్రియులకు ఈ ఊరు మరొక విధంగా తెలిసి ఉండవచ్చు. రవీంద్రనాథ ఠాకూరు 1918లో వెలువరించిన ‘పలాతకా’ సంపుటిలోని ‘ఫాకి’ అనే కవితలో భార్యాభర్తలిద్దరు రైలు మారడానికి బిలాస్‌పూర్ స్టేషనులో గంటల తరబడి వేచి ఉంటారు. దేశంలో చాలామందికి మా ఊరు అట్లాగే తెలుసు, రైలు మారే చోటుగా. మా కుటుంబం మాత్రం అక్కడ దిగి మూడు తరాలు ఉండిపోయింది.

బిలాస్‌పూర్‌లో తెలుగువారు ఎట్లా చేరారన్నది పాత రైలుపటం చూస్తే గాని అర్థం కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అప్పటికే ఉన్న నాగపూర్-ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గాన్ని స్వీకరించి బ్రాడ్‌గేజికి మార్చింది. దానిని తూర్పుకు పొడిగించి 1891 నాటికి ఆసన్‌సోల్ చేర్చింది. ఆ దారిలో బిలాస్‌పూర్ పెద్ద కూడలి అయింది. ఇటు కోస్తా వెంబడి 1890లలో ప్రభుత్వం నిర్మించిన ఈస్ట్ కోస్ట్ రైల్వేలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం, కొత్త శతాబ్ది మొదటి సంవత్సరాలలో ఇదే కంపెనీ చేతికి వచ్చింది. ఈ విధంగా పలాస, నౌపడ, విజయనగరం, వాల్తేరు ఒక వైపునా, ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్ మరొక వైపునా ఒకే యజమాని ఏలుబడిలోకి వచ్చాయి. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాలలో సేద్యం మీద బతుకు గడవని కుటుంబాలకు ఊరి స్టేషనే ఉద్యోగపు వాకిలి అయింది. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి 1920లలో ఈ కంపెనీ కార్మికుల పోరాటాలకు నాయకత్వం వహించారు. కార్మికులలో తెలుగువారి సంఖ్య ఎంతటిదో తెలిసినవారికి అది ఆశ్చర్యం కలిగించదు.

మా తాతది టెక్కలికీ పర్లాకిమిడికీ నడుమ ఒక పల్లె. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు, మా పల్లె ఇటు మిగిలాయి. వారం వారం ఆయన నడిచి వెళ్ళే సంత మరొక రాష్ట్రపు ఊరైపోయింది. ఆ తరువాత రెండేళ్ళకు, పద్దెనిమిదేళ్ళ వయస్సులో, ఆయన బి.ఎన్.ఆర్.లో ఖలాసీగా చేరి బిలాస్‌పూర్ లోకోషెడ్డుకు వెళ్ళారు. అంతకుముందు తరంవారు ఖరగ్‌పూర్ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవారు. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తి కావడంతో దారి దగ్గరైంది. నాలుగేళ్ళు ఉండి, నాలుగు డబ్బులు వెనకేసుకొని తిరిగి వచ్చి పొలం కొనాలన్నది తాత తలపు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవుపై బాంబులు వేసినప్పుడు, రేవులో కూలికి ఉన్న ఆయన తమ్ముడే కుటుంబంతో సహా బిలాస్‌పూర్ వచ్చి ఆరు నెలలు తాత క్వార్టరులో తలదాచుకొన్నాడట. ఆ తరువాత పొలం మాట ఎవరూ ఎత్తలేదు.

చరిత్ర విద్యార్థిగా ఈ వలస కథను నేను మొదట బి.ఎన్.ఆర్.తోనే ప్రారంభించేవాడిని. ఎం.ఏ. చదివే రోజులలో రతన్‌పూర్ శాసనం దానికి మరికొంత పూర్వరంగం చేర్చింది. బిలాస్‌పూర్‌కు ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న రతన్‌పూర్ కలచురి రాజుల రాజధాని. అక్కడ లభించిన మొదటి జాజల్లదేవుని శాసనం కలచురి శకం 866వ సంవత్సరం, అనగా క్రీ.శ. 1114 నాటిది. ఆ రాజుకు ఏటేటా కప్పం పంపే మండలాధిపతుల పట్టికలో ఆంధ్ర, ఖిమిడి అనే పేర్లున్నాయి. ఖిమిడి అంటే మా తాత సంతకు వెళ్ళిన కిమిడి ప్రాంతమే. జాజల్లదేవుని కుమారుడు రెండవ రత్నదేవుడు, కళింగాధిపతి చోడగంగును జయించానని చెప్పుకొన్నాడు. ఆ చోడగంగు వంశీకుల పాత రాజధాని కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమని చరిత్రకారులు గుర్తించారు. రాజుల ప్రశస్తులలో ఎంత పాలు నిజమో తూచడం వేరే విషయం. మహానది మైదానానికీ కళింగ తీరానికీ నడుమ మనుషులు, సరుకులు, సేనలు నడిచిన దారి ఒకటి తొమ్మిది వందల యేళ్ళ క్రితమే ఉన్నదనడానికి ఆ పట్టిక చాలు. రైలు ఆ దారిలోనే పట్టాలు పరిచింది.

మా వాడలో తెలుగు ఎట్లా బతికిందో కూడా చెప్పాలి. బారా ఖోలీ, తోర్వా, హేమూనగర్ ప్రాంతాలలోని రైల్వే ఇళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే సోలాపురి మాత పూజలకు తెలుగు కుటుంబాలన్నీ చేరేవి. ఆంధ్ర సమాజం పేరిట ఒక పాఠశాల ఉంది. అయితే మాలో చాలామంది చదువు హిందీలోనే సాగింది. తెలుగు అక్షరాలు నేను మా అమ్మ దగ్గర, మేనమామ పోస్టులో పంపే ‘చందమామ’లలో నేర్చుకొన్నాను. ఇంట్లో ‘ఏటి’ అంటే ఏమిటి, ‘గుంట’ అంటే ఆడపిల్ల, ‘అప్ప’ అంటే అక్క. వీధిలోకి వెళితే ఛత్తీస్‌గఢీ. పుష్యపూర్ణిమనాడు ఛత్తీస్‌గఢీ పిల్లలతో కలిసి ‘ఛేర్‌ఛేరా’ అని అరుస్తూ ఇంటింటా వడ్లు అడుక్కొనేవాళ్ళం. అదే నెలలో సంక్రాంతికి మా ఇళ్ళ ముందు ముగ్గులుండేవి. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉదయం తినే అలవాటు మాకూ ఉంది, వారికీ ఉంది. మేము చద్దన్నమనేవాళ్ళం, వారు బాసీ అనేవారు. శ్రీకాకుళం వెళ్ళి రావడాన్ని మా పెద్దలు ‘దేశం పోయి రావడం’ అనేవారు. ఆ దేశం నుండి వచ్చేవారు పాసు మీద ఎండుచేపల మూటలు తెచ్చి వాడంతా పంచేవారు. సముద్రం గురించి మాకు తెలిసినది ఆ వాసన ఒక్కటే.

మరొక విశేషం ఇంటిపేర్లది. హిందీ రిజిస్టర్లలో మొదట వ్యక్తి పేరు, చివర వంశనామం రాయాలి. మా పేర్ల చివర రావు ఉండడంతో అదే వంశనామమైంది. అట్లా వాడలో తెలుగువారందరూ రావులయ్యారు. ఒకే తరగతిలో తొమ్మిదిమంది రావులుండగా, ఉపాధ్యాయులు మమ్మల్ని సోదరులమనుకొన్న సందర్భాలు ఉన్నాయి. అసలు ఇంటిపేరు పెళ్ళిమాటలప్పుడు మాత్రమే బయటికి వచ్చేది.

2022 జూన్‌లో నాకు విశాఖపట్నంలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి బదిలీ అయింది. కోర్బా నుండి బిలాస్‌పూర్, రాయపూర్ మీదుగా వచ్చే విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో అది ఒక రాత్రి ప్రయాణం. టిట్లాగఢ్, రాయగడ దాటిన తరువాత పార్వతీపురం, బొబ్బిలి స్టేషన్లలో పేర్లు తెలుగులో కనిపిస్తాయి. నాతో మా అమ్మ, భార్య, పదవ తరగతిలో చేరవలసిన మా అమ్మాయి ఉన్నారు. నాన్న 2019లో కాలం చేశారు. నా భార్య పుట్టిల్లు ఖరగ్‌పూర్. ఆమెదీ మాలాంటి రైల్వే కుటుంబమే. అంటే మా నలుగురిలో తెలుగునాట పుట్టి పెరిగిన మనిషి మా అమ్మ ఒక్కతే. ఆమె 1972లో పదిహేడేళ్ళ వయస్సులో పలాస ప్రాంతం నుండి కోడలుగా బిలాస్‌పూర్ వచ్చింది. యాభై యేళ్ళ తరువాత తిరుగు ప్రయాణం చేసింది.

అద్దె ఇంటి వెదుకులాటలో ఎదురైన మొదటి ప్రశ్న ‘మీదే ఊరు?’ అనేది. బిలాస్‌పూర్ అంటే, ‘మరి తెలుగు ఎక్కడ నేర్చుకొన్నారు?’ అనేవారు. టెక్కలి దగ్గర అంటే, ‘అక్కడ మీవాళ్ళు ఎవరున్నారు?’ అనేవారు. ఎవరూ లేరు. తాతల నాటి ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. రెండు జవాబులూ నిజమే గాని, అడిగినవారిని ఏదీ తృప్తి పరచలేదు. చివరకు ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషి, తానూ నలభై యేళ్ళ క్రితం కడప నుండి వచ్చినవాడినేనంటూ ఇల్లు ఇచ్చారు.

తరువాతి పాఠం గాలి నేర్పింది. బిలాస్‌పూర్ ఎండ ఒళ్ళు కాల్చే పొడి ఎండ. తలకు తువాలు చుట్టుకొని, జేబులో ఉల్లిపాయ వేసుకొని వడగాడ్పులో తిరిగినవాళ్ళం. విశాఖలో ఉష్ణమానం అంత ఉండదు గాని, ఉక్కపోత ఉదయం నుండే మనిషిని తడిపివేస్తుంది. ఉప్పు నీరు కారుతుంది. అప్పడాలు మెత్తబడతాయి. తాత బి.ఎన్.ఆర్.లో చేరిన యేడు కొన్న ఇనుపపెట్టె ఎనభై యేళ్ళు బిలాస్‌పూర్‌లో చెక్కుచెదరకుండా ఉండి, ఇక్కడ ఒక్క వర్షాకాలానికి మూలల్లో తుప్పు పట్టింది. పక్కింటివారు చూసి రెడ్ ఆక్సైడ్ పూయించమన్నారు. కిటికీ గడియలకు నూనె రాయడం, బీరువాలో కర్పూరం ఉంచడం, సముద్రం వైపు కిటికీ ఏ వేళ మూయాలో తెలుసుకోవడం కూడా వారి దగ్గరే నేర్చుకొన్నాం. ఒక ఊరిలో స్థిరపడడమంటే చాలావరకు ఇటువంటి చిన్న విద్యలు అభ్యసించడమే.

కార్యాలయంలో నా తెలుగు కొందరికి వింతగా తోచింది. నేను చదివి నేర్చుకొన్న తెలుగు గ్రాంథిక వాసనతో ఉంటుంది. ఇంట్లో మాట్లాడే తెలుగు పల్లెయాసతో ఉంటుంది. నడుమ ఉండవలసిన నగరపు వాడుక నాకు లేదు. సంతకం చూసి ఇంటిపేరు అడిగినవారికి చెబితే, ‘ఆ ఇంటిపేరువారు మెళియాపుట్టి వైపు ఎక్కువ’ అని ఒక సహోద్యోగి వెంటనే అన్నారు. మూడు తరాల పాటు హిందీ రిజిస్టర్లలో కనిపించకుండా పోయిన పేరును విని, ఒక మనిషి క్షణంలో ప్రాంతంతో సహా గుర్తుపట్టడం నాకు విలువైన అనుభవం. సింహాచలంలో అర్చకులు గోత్రం అడిగినప్పుడు మా అమ్మ తడుముకోకుండా చెప్పింది. మా అమ్మాయి దానిని ఫోనులో రాసుకొంది.

ఇంట్లోని యాసకు బంధువులు మాకు చేపల రేవులో దొరికారు. ఒక ఆదివారం ఉదయం వంజరం, చందువ, కానాగంతల తట్టల నడుమ కూర్చున్న ఒక పెద్దామె, ‘ఏటి కావాలి బావూ?’ అని అడిగింది. ఆ ఒక్క ‘ఏటి’తో నాకు మా నాయనమ్మ గొంతు వినిపించింది. నేనూ మా ఇంటి మాటలోనే బేరమాడాను. ‘సీకాకుళమా మీది?’ అన్నది. బిలాస్‌పూర్ అన్నాను. ‘ఓ, రైలోళ్ళా! మా సిన్నాన్న కరగపూర్ల రైల్లోనే సేసినాడు’ అని, తూకంలో రెండు చేపలు ఎక్కువ వేసింది. ఇల్లు అద్దెకు అడిగిన చోట ఎంతో విడమరచి చెప్పినా అందని మా చరిత్ర ఆమెకు రెండు ముక్కలలో అందింది. ఈ తీరపు శ్రమజీవులలో ఎవరో ఒకరు ఖరగ్‌పూర్‌కో, బిలాస్‌పూర్‌కో, రంగూనుకో వెళ్ళని కుటుంబం అరుదు. వలస వెళ్ళినవారిని ఎక్కువగా గుర్తుంచుకొన్నది వారేనని నాకు తోచింది.

మా అమ్మ సంగతి వేరు. యాభై యేళ్ళు ఆమె దేశం పోతానన్నది. వచ్చిన తరువాత మొదటి నెలలు గుడి, బజారు, బంధువుల రాకపోకలతో గడిచాయి. తరువాత మధ్యాహ్నం వేళ వరండాలో కూర్చొని బిలాస్‌పూర్‌లోని పాత పొరుగామెతో ఫోనులో ఛత్తీస్‌గఢీలో గంట, గంటన్నర మాట్లాడడం ప్రారంభించింది. ఆ ఫోను మాటలలో ఆమె నవ్వినట్లు ఇంట్లో మరెప్పుడూ నవ్వగా వినలేదు. ‘ఇక్కడందరూ తెలుగోళ్ళే గాని, నాతోటి మాటాడీవోళ్ళు లేరురా’ అన్నది ఒకరోజు. ఆమె పలాస నుండి తెచ్చుకొన్న స్నేహితురాండ్రు పలాసలో లేరు. పెళ్ళిళ్ళై తలోదిక్కు వెళ్ళిపోయారు. బిడ్డలను కన్నది, భర్తను సాగనంపినది బిలాస్‌పూర్‌లో. ఏటా ఎండాకాలంలో సోలాపురి మాత పూజలకు వెళ్ళి రెండు నెలలు ఉండి రావాలన్నది ఆమె పెట్టిన షరతు. మేము ఒప్పుకొన్నాం. తోర్వాలో నాన్న కట్టించిన ఇల్లు అమ్మే ప్రసక్తి ఆనాటితో ముగిసింది.

మా అమ్మాయి విషయంలో స్వస్థలమనే గడి కాగితం మీదనే ఎదురైంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, విద్యాసంస్థల ప్రవేశాలలో స్థానిక అభ్యర్థి ఎవరో నిర్వచించింది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలన్నది అందులో ముఖ్యమైన నియమం. నూటికి 85 సీట్లు అట్టివారికి. పదవ తరగతి, రెండేళ్ళ ఇంటర్మీడియట్ విశాఖలో చదివిన మా అమ్మాయికి ఒక సంవత్సరం తక్కువైంది. మిగిలిన 15 శాతంలో, రాష్ట్రంలో పనిచేసే కేంద్ర ప్రభుత్వోద్యోగి బిడ్డగా ఆమె దరఖాస్తు చేసింది. ‘బిలాస్‌పూర్‌లో మనల్ని ఆంధ్రావాలే అనేవారు. ఇక్కడ నేను స్థానికేతరురాలినా?’ అని అడిగింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇచ్చిన స్థానిక నివాస ధ్రువపత్రం ఆమె దగ్గర ఉంది. అక్కడ తెలుగువారి బిడ్డగా ఉంటూ స్థానికురాలు, తెలుగునాట స్థానికేతరురాలు.

ఆమెకు సమాధానం చెప్పవలసి వచ్చి నేను ఆ ఉత్తర్వును మళ్ళీ చదివాను. 1969, 1972 ఉద్యమాల తరువాత, ప్రాంతాల మధ్య న్యాయం చేయడానికి పుట్టిన నియమమది. అందులో తాతముత్తాతల ఊరు గురించి గాని, మాతృభాష గురించి గాని ప్రశ్న లేదు. ఎక్కడ చదువుకొన్నావు, ఎన్నేళ్ళు ఉన్నావు అన్నదే ప్రశ్న. మొదట కటువుగా కనిపించినా ఇందులో ఒక ఉదారత ఉంది. శ్రీకాకుళంలో మూలాలున్న మా అమ్మాయికి ఆ మూలాల వల్ల ఏ హక్కూ రాలేదు. అదే సూత్రం ప్రకారం, ఒడియా మాట్లాడే ఇంట్లో పుట్టి ఇక్కడ నాలుగేళ్ళు చదివిన ఆమె సహాధ్యాయిని స్థానికురాలైంది. నేల దాని మీద నివసించి నేర్చుకొన్నవారిదని చట్టం అంటున్నది. ఈ కొలత ప్రకారం చూస్తే బిలాస్‌పూర్ మా ఊరే. ఎనభై యేళ్ళు అక్కడ పనిచేసి, చదువుకొని, చనిపోయిన కుటుంబానికి అంతకంటె గట్టి ధ్రువపత్రం ఏముంటుంది? పెద్దల తలపులలో తాత్కాలిక మజిలీగా ఉండిపోయిన ఊరిని నేను స్వస్థలంగా రాయడం ప్రారంభించినది అప్పటినుండే. అమ్మాయికి విశాఖలోనే ఒక కళాశాలలో సీటు వచ్చింది.

విశాఖపట్నం కూడా వచ్చినవారు నిర్మించుకొన్న నగరమే. 1926లో బెజవాడలో ఆరంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు వచ్చింది. 1933 డిసెంబరు 19న రేవు ప్రారంభమైంది. రాయపూర్ రైలుమార్గం పూర్తి చేయడంలో ఆ రేవుకు మధ్యపరగణాల సరుకు చేర్చడమే ప్రధానోద్దేశం. 1948లో ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రం నుండి ‘జలఉష’ జలప్రవేశం చేసింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో ప్రజలు ఉద్యమించి సాధించుకొన్న ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఒక్కొక్కటి వచ్చినప్పుడు ఒక్కొక్క ప్రాంతం జనం తరలి వచ్చారు. 2005లో మహానగరపాలక సంస్థ ఏర్పడింది. 2011 జనగణన నాటికి నగర జనాభా 17 లక్షలు దాటింది. నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బైలదిల్లా కొండల ఇనుపఖనిజం 1960ల నుండి కొత్తవలస-కిరండూల్ మార్గంలో ఈ రేవుకు చేరుతున్నది. సాయంత్రం ఆ ఎర్రని ధూళి పట్టిన గూడ్సు బండి వెళుతుంటే, మా అమ్మ ‘మనూరి మట్టి’ అంటుంది. బైలదిల్లా బిలాస్‌పూర్‌కు ఎంతో దూరమని నేను చెప్పను.

అయినా, ఊరి జ్ఞాపకంలో పాలు పొందడానికి కాలం పడుతుంది. ఇక్కడివారు ఏ సంగతి చెప్పినా హుద్‌హుద్‌కు ముందు, హుద్‌హుద్‌కు తరువాత అని కాలం లెక్కిస్తారు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను తీరం దాటినప్పుడు చెట్లు ఎట్లా కూలాయో, ఎన్ని రోజులు కరెంటు లేదో, నీళ్ళ కోసం ఎవరెవరు ఎవరికి సాయపడ్డారో చెప్పుకొనేటప్పుడు మేము శ్రోతలం. మా రైల్వే వాడలోనూ అటువంటి గడియారం ఉండేది. అది 1974 మే నెలలో దేశమంతటా ఇరవై రోజుల పాటు సాగిన రైల్వే సమ్మె. అప్పుడు నాన్న ఫైర్‌మన్. జీతం లేని ఆ రోజులలో పక్క గల్లీ ఛత్తీస్‌గఢీ దుకాణదారు బియ్యం అప్పు రాసుకొని ఇచ్చాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కలిసి ఓర్చుకొన్న కష్టమే పొరుగును పొరుగుగా నిలుపుతుంది. విశాఖలో మాకు ఆ ఖాతా ఇంకా తెరుచుకొంటున్నది.

ఈ సందర్భంలో సాంస్కృతిక రంగంలోని అధికారులకు, సాహిత్య సంస్థలకు ఒక విన్నపం. బి.ఎన్.ఆర్. 1944లో ప్రభుత్వపరమైంది. దాని వారసత్వం తరువాత అనేక మండలాలుగా విడిపోయింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే ఏర్పాటును 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో, పాత వాల్తేరు డివిజనులో ఒక భాగాన్ని విశాఖపట్నం డివిజనుగా ఆ మండలంలో కొనసాగించడానికి, మిగిలిన భాగంతో రాయగడ డివిజను ఏర్పరచడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. పాలనా సరిహద్దులు మారిన ప్రతిసారీ పాత కాగితాలు స్థానభ్రంశం చెందుతాయి. కొన్ని తుక్కులో చేరతాయి. ఆ సర్వీసు రిజిస్టర్లు, కార్మిక సంఘాల తీర్మానాలు, ఆంధ్ర సమాజాల గ్రంథాలయ పుస్తకాలు, గుడిగోడల మీది దాతల పలకలు తెలుగువారి వలస చరిత్రకు ఆధారాలు. 1930ల శ్రీకాకుళపు మాట ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ ఇళ్ళలో నేటికీ వినిపిస్తుంది. భాషా పరిశోధకులకు అది గొప్ప నిక్షేపం. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నా, ఈ పట్టణాలలో తెలుగును ఎక్కువగా కాపాడినది వంటింటి మాటే. ఆ మాట తెలిసిన తరం ఎనభైలలో ఉన్నది.

ఈ ఎండాకాలం మా అమ్మాయి తన నాయనమ్మతో బిలాస్‌పూర్ వెళ్ళింది. బారా ఖోలీ చుట్టుపక్కల పదకొండుమంది వృద్ధుల మాటలు ఫోనులో రికార్డు చేసి, ఒక్కొక్కరి ఇంటిపేరు, వదలి వచ్చిన పల్లె, చేరిన సంవత్సరం నోటుపుస్తకంలో రాసుకొని వచ్చింది. అందులో నలుగురు తాము ఇంతవరకు సముద్రం చూడలేదన్నారు. ఇద్దరు వచ్చే సంక్రాంతికి మా ఇంటికి వస్తామన్నారు. కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో వారికి కింది బెర్తులు దొరికేటట్లు చూడడం నా పని అని మా అమ్మ ఇప్పటికే రెండుసార్లు గుర్తు చేసింది.